గుహలోకి ఇరవై అడుగులు

మా ఊళ్ళో గోళీ కింద పెడితే పెట్టిన చోటే ఉంటుంది. రాజోలుకీ మామిడికుదురుకీ మధ్య ఉన్న పల్లె మాది. చుట్టూ కొబ్బరితోటలు, వరి చేలు, కాలవలు. మా దృష్టిలో ఎత్తంటే ఏటిగట్టు, పల్లమంటే చేపల చెరువు. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నేను కొండ అనేదాన్ని దగ్గర నుంచి చూడలేదు. రెండో ఏట పోలియో వచ్చి నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. చిన్నప్పుడు కాళ్ళకి ఇనప కాలిపర్లు, తర్వాత మూడు చక్రాల సైకిలు, ఇప్పుడు ఆరేళ్ళుగా చక్రాల కుర్చీ. మా ఇంట్లో దాన్ని బండి అంటాం. జాకెట్లు కుడతాను. మోటారు మిషను పెడల్ని బల్ల మీద పెట్టుకుని మోచేత్తో నొక్కుతాను. కాళ్ళకి పోవలసిన బలమంతా చేతులకే వచ్చిందని మా అమ్మ అనేది.

నన్ను ఎత్తని మనిషి మా చుట్టుపక్కల లేడు. బస్సులోకి ఎత్తారు, రేవులో పంటు మీదికి ఎత్తారు, బళ్ళో మేడ మీద తరగతికి ఎత్తారు. ఓటు వేయడానికి వెళ్తే బూత్‌లోకీ ఎత్తేశారు. మా గోదావరి వాళ్ళ మర్యాద సంగతి చెప్పేదేముంది, "ఆగండాగండి, మేం ఉన్నాం కదండీ" అంటూ నలుగురు నాలుగు వైపులా పట్టేస్తారు. ఎక్కడికి వెళ్ళాలని మాత్రం అడగరు. ఒకసారి మా వీధిలో పెళ్ళికి వెళ్ళాను. స్నేహితురాళ్ళతో వెనక కూర్చుని కబుర్లు చెప్పుకుందామనుకున్నదాన్ని కుర్చీతో సహా ఎత్తుకెళ్ళి, హోమం పక్కన దించారు. "ఇక్కడైతే మీకు బాగా కనిపిస్తుందండీ" అన్నారు. రెండు గంటలు ఆ పొగలో దగ్గుతూ కూర్చున్నాను. ప్రేమతో ఎత్తిన వాళ్ళ మీద కోప్పడటానికి వీల్లేదు, నా కోపమంతా అదే. నాకు ముక్కు మీద కోపం మొదటినుంచీ ఉన్నదే. దాన్ని ఎత్తి పక్కన పెట్టేవాళ్ళు మాత్రం ఇంకా పుట్టలేదు.

ఈ ఏడు వానలు వెనకపట్టాక, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన కాలేజీ పిల్ల ఒకతె ఫోన్లో వీడియో చూపించింది. మారేడుమిల్లి దాటి ఇంకా లోపలికి వెళ్తే అడవిలో ఒక జలపాతం, దాని పక్కనే గుహ. అక్కడికి దిగే కాలిబాటని చక్రాల కుర్చీలు కూడా వెళ్ళేలా కట్టారట. వీడియోలో ఒకాయన తన కుర్చీ తనే తిప్పుకుంటూ పోతున్నాడు. ఆ పిల్ల నన్ను జలపాతం చూడమంటోంది, నేను ఆయన కుర్చీ వెనక చూస్తున్నాను. వెనక ఎవరూ లేరు. మూడుసార్లు పెట్టించుకుని చూశాను. ఆ పిల్ల వెళ్ళాక చెయ్యి గుంట తప్పు కత్తిరించి, ఒక ముక్క పాడుచేశాను కూడా.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అన్నయ్యతో, వదినతో చెప్పాను. "నేను అక్కడికి వెళ్తాను. నన్నెవరూ ఎత్తకూడదు. బండి కూడా నేనే తిప్పుకుంటాను, ఎవరూ చెయ్యి వెయ్యకూడదు."

"అలాగేనమ్మా, దానికేం" అన్నాడు అన్నయ్య, పులుసు కలుపుకుంటూ. ఆయన సగమే విని ఉంటాడు. వదిన పూర్తిగా విన్నది.

"ఎత్తనివ్వను అమ్మాయ్. ఆ పూచీ నాది" అంది. రెండో షరతు గురించి ఏమీ అనలేదు. అనలేదన్న సంగతి నేను గమనించాను.

వదిన కువైట్‌లో పధ్నాలుగేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. కూతురికి నాలుగేళ్ళప్పుడు వెళ్ళింది. అన్నయ్య రొయ్యల చెరువు రెండేళ్ళు వరసగా దెబ్బతిన్నాక, మా వైపు చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు వెళ్ళినట్టే తనూ వెళ్ళింది. ఆ పిల్లని నేను పెంచాను. ఇప్పుడు దానికి ఇరవై, రామచంద్రపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కువైట్‌లో వదిన పని ఒక ముసలావిడని చూసుకోవడం. ఆవిడా చక్రాల కుర్చీయే. అక్కడి ఇళ్ళల్లో పెద్దావిడని మామా అంటారట, వదిన ఇప్పటికీ ఆవిడని మామా అనే చెబుతుంది. రెండేళ్ళ కిందట మామా పోయింది, వదిన ఇంటికి వచ్చేసింది. వచ్చిన మూడో రోజు నా బండి వెనక నిలబడి పిడులు పట్టుకుంది. అంతకు ముందు నన్ను తోసినవాళ్ళంతా కూరగాయల బండి తోసినట్టు తోసేవాళ్ళని నాకు అప్పుడే తెలిసింది.

ఆవిడ పనితనం ఎంత చెప్పినా తక్కువే. బయల్దేరే ముందు బొటనవేలితో టైర్లు నొక్కి గాలి చూస్తుంది. నా పాదాలు చెక్క మీద సరిగా ఉన్నాయో లేదో వంగి చూస్తుంది. చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా మోకాళ్ళ కింద దోపుతుంది. నడుస్తున్నప్పుడు పది అడుగుల ముందే చెబుతుంది, "చిన్న గొయ్యి అమ్మాయ్", "ఇప్పుడు ముందు చక్రాలు లేపుతున్నాను." నాకు చెప్పకుండా ఎప్పుడూ ఏదీ చెయ్యదు. గుమ్మం దాటించేటప్పుడు చిన్న కుదుపు కూడా ఉండదు, మిషను మీద పెట్టిన టీ గ్లాసు తెచ్చి నా ఒళ్ళో పెట్టినా తొణకదు. ఆవిడ వచ్చాక అమలాపురం బజారంతా తిరిగాను, దిండిలో ఏటి ఒడ్డున కూర్చుని రొయ్యల వేపుడు తిన్నాను, సినిమా చూశాను.

కానీ చెయ్యి వదలదు. దుకాణం ముందు ఆగి బేరమాడుతున్నా ఒక చెయ్యి పిడి మీదే ఉంటుంది. తెలిసినవాళ్ళు ఎదురై "ఎప్పుడొచ్చేరండీ కువైట్ నుంచి?" అని అడిగితే, రెండు చేతులూ బండి మీదే ఉంచి తలతో నమస్కారం పెడుతుంది. చదును రోడ్డు మీద నేను చక్రాలు తిప్పబోతే నా తిప్పుడుకి తన తోపుడు కలుపుతుంది. "నాకూ రెండు చేతులున్నాయి వదినా" అని ఎన్నిసార్లు అరిచానో. "ఆయ్, ఉన్నాయి కదా" అంటుంది శాంతంగా, వదలకుండానే. ఆ శాంతం చూస్తే నాకింకా ఒళ్ళు మండేది. మా ఇద్దరికీ రెండేళ్ళలో వచ్చిన పోట్లాట ఇదొక్కటే, కాకపోతే రోజూ వచ్చేది.

వెళ్ళే రోజు తెల్లవారేసరికి రాజోలు నుంచి కారు మాట్లాడుకుని బయల్దేరాం. రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం. అంతవరకూ అన్నయ్య హుషారుగా ఉన్నాడు. పెట్టింది పెట్టినట్టు పదిహేను ఇడ్లీలు తిన్నాడు. మారేడుమిల్లి దగ్గర మలుపులు మొదలయ్యేసరికి మాట తగ్గింది. గోదావరి వరదలో పడవ మీద నిలబడి బీడీ కాల్చిన మనిషి, ఆరో మలుపు దగ్గర కారు ఆపించి రోడ్డు పక్కన కూలబడ్డాడు. ఇడ్లీల లెక్క అక్కడితో సరిపోయింది. వదిన ఆయన తల మీద నీళ్ళు చల్లుతూ, "భూమి వంకరగా ఉంటే మీకు పడదండీ, మీ తప్పు కాదు" అంది. నేను నవ్వాను. కిటికీలోంచి చూస్తే చెట్ల తలలు మాకంటే కింద ఉన్నాయి. చెట్టుని పై నుంచి చూడటం నాకదే మొదలు.

పదకొండు దాటాక చేరాం. టిక్కెట్లిచ్చే చిన్న షెడ్డు, కారు ఆపుకునే జాగా, అక్కణ్ణుంచి చెట్లలోకి దిగుతున్న సిమెంటు బాట. బాట చూడటానికి ఆ ఊరివాళ్ళే ఉన్నారు. మాతో రావడానికి ముప్పై ఏళ్ళ మనిషి ఒకావిడ వచ్చింది, తలలో అడవి పూలు, చేతిలో టార్చి. నేను బండి బాట మొదటికి తెచ్చుకుని అలా ఉండిపోయాను. రెండు పక్కలా కడ్డీలున్నాయి. కడ్డీలంటే ఎక్కడైనా ఉంటాయి, కానీ అవి నిలబడిన మనిషి నడుము ఎత్తున ఒకటి, కూర్చున్న నా చెయ్యి చాపితే అందేంత ఎత్తున ఒకటి, రెండేసి ఉన్నాయి. చక్రం జారి పక్కకి పోకుండా అంచున జానెడు గట్టు కట్టారు. బాట ఒక్కసారిగా దిగదు, కొంచెం దిగి చదునవుతుంది, మళ్ళీ కొంచెం దిగి చదునవుతుంది. చదును దగ్గరల్లా ఒక బల్ల, బల్ల పక్కన ఖాళీ. ఆ ఖాళీ నా బండి అంత వెడల్పుంది. ఎవరికీ కాకుండా నాలాంటివాళ్ళకి వదిలిన చోటు. నా జీవితంలో నన్ను ఎక్కడెక్కడికో మోశారు గాని, ముందుగా తలుచుకుని చోటు వదలడం చూడలేదు.

"ఇది ఇలా కట్టాలని ఎవరు చెప్పేరండీ?" అనడిగింది వదిన.

"కట్టే ముందు ఇంజినీరుగారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు రోజులు తోయించేరక్కా" అంది ఆ మనిషి. "ఎక్కడ భయమేస్తే అక్కడ చెప్పమనేవోరు. నేను చెప్పిన కాడల్లా సున్నంతో గుర్తు పెట్టేరు. ఇదిగో ఈ బల్లలన్నీ నేను భయపడ్డ చోట్లే."

ఆవిడ భయం మీద కట్టిన బాట మీద నేను ధైర్యంగా పోవాలన్న మాట. ఆ మాటే అనబోతుంటే అన్నయ్య వచ్చాడు. మొహం ఇంకా తెల్లగానే ఉంది గాని, వెనకాల ఇద్దరు బలమైన మనుషులు ఉన్నారు. షెడ్డు దగ్గర కూర్చున్నవాళ్ళని మాట్లాడుకొచ్చాడు.

"వీళ్ళు కుర్చీతో సహా ఎత్తుకెళ్ళి దింపేస్తారమ్మా. నువ్వు హాయిగా కూర్చో. మళ్ళీ పైకి కూడా తెచ్చేస్తారు."

కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు. "నన్ను ఎత్తడానికైతే మన పెళ్ళిళ్ళు చాలవా అన్నయ్యా, నూటయాభై కిలోమీటర్లు పైగా ఎందుకొచ్చాం? వాళ్ళ చెయ్యి నా బండి మీద పడితే ఇక్కడే పడుకుని దొర్లుకుంటూ పోతాను" అన్నాను. అక్కడున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. అన్నయ్య చిన్నబుచ్చుకున్నాడు. "పడిపోతావేమోనని" అన్నాడు నెమ్మదిగా. చిన్నప్పుడు బడికి నన్ను వీపు మీద మోసుకెళ్ళినవాడు ఆయనే. అది గుర్తొచ్చి, అన్న మాట వెనక్కి తీసుకోలేక, మొహం తిప్పుకున్నాను.

వదిన వాళ్ళిద్దరికీ దణ్ణం పెట్టి పంపేసింది. ఇచ్చిన పూచీ నిలబెట్టుకుంది. తర్వాత బండి చుట్టూ తిరిగి చూడటం మొదలుపెట్టింది. టైర్లు నొక్కింది, పాదాల చెక్క చూసింది, నా కుచ్చిళ్ళు దోపింది. చివరికి బ్రేకు పుల్ల లాగింది. అది లాగినంతవరకూ వచ్చి, ఊరికే వెనక్కి పోయింది. మళ్ళీ లాగింది. రబ్బరు చక్రానికి తగలనే లేదు. తుప్పు పట్టి సగం అరిగిపోయింది.

ఆరేళ్ళుగా నేను ఆ బ్రేకు వేసి ఎరగను. మా ఊళ్ళో బండి ఆపాలంటే తిప్పడం మానేస్తే చాలు, అదే ఆగుతుంది. కాలవ వంతెనల మీదికి ఎక్కాలంటే ఎవరో ఒకరు మోసేస్తారు. మా ఇంట్లో కత్తెరకి సాన ఉంది, మిషనుకి నూనె ఉంది, బ్రేకన్నదొకటి ఉందని ఎవరికీ గుర్తే లేదు. కొండకి వస్తూ కొండకి కావలసిన ఒక్క వస్తువూ చూసుకోకుండా వచ్చాం.

"నేను చూడలేదు" అంది వదిన. ఆవిడ మొహం మాడిపోయింది. "అన్నీ చూసేను, ఇది చూడలేదు. అక్కడ రోజుకి ఇరవైసార్లు వేసేదాన్ని. ఇక్కడికొచ్చేక మర్చిపోయేను."

"అందుకే చెబుతున్నా" అన్నాడు అన్నయ్య, బల్ల మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకునే.

ఇక వెనక్కి పోవడమే అనుకున్నాను. నా మొండితనం బాట దాకా వచ్చింది గాని, బ్రేకు లేని బండిలో పల్లం దిగేంత పిచ్చిది కాదు. వదిన ఒక్క నిమిషం బాట వైపు చూస్తూ నిలబడింది. తర్వాత కొంగు బిగించి దోపింది.

"తిరగేసి దింపుతాను. నేను కిందవైపు, నువ్వు పైకి చూస్తావు. చక్రాలు రెండు చేతులా పట్టుకో, నేను వదలమన్నప్పుడు వదులు, పట్టమన్నప్పుడు పట్టు. ఎత్తడం కాదు ఇది."

అలా జలపాతం చూడటానికి దానికి వీపు పెట్టి దిగాను. వదిన వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, తన ఒంటి బరువు బండికి ఆన్చి, ఒక్కో అడుగే దింపుతోంది. "వదులు... పట్టు... షువయ్ షువయ్" అంటోంది. నెమ్మదిగా అని అరబ్బీలో. కష్టమైన పనిలో ఆవిడ నోటికి ఆ భాషే వస్తుంది. చదును వచ్చినప్పుడల్లా కాలి చెప్పులు విప్పి చక్రాల కింద అడ్డుగా పెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తొడుక్కునేది. నాకు కనిపిస్తున్నది పైన మేం వదిలి వచ్చిన బాట, దాని మీద చిన్నదవుతున్న అన్నయ్య. వినిపిస్తున్నది మాత్రం వెనక నుంచి. మొదట గాలనుకున్నాను. తర్వాత వడ్లు మరపట్టే మిల్లు చప్పుడులా ఉంది. ఏడో బల్ల దాటేసరికి మాటలు వినపడటం మానేశాయి, మెడ వెనక చల్లగా తుంపర తగిలింది.

"తిప్పుతున్నాను అమ్మాయ్" అని చెవి దగ్గర అరిచింది వదిన, తిప్పింది.

మా వైపు నీళ్ళకి కొరత లేదు. గోదావరి మా ఇంటి ముందే సముద్రానికి పోతుంది. కానీ మా నీళ్ళు పడుకుని ఉంటాయి. నిలబడిన నీళ్ళని నేనప్పుడే చూశాను. అంత ఎత్తు నుంచి, అంత తెలుపుతో, ఆగకుండా. కింద నల్లరాళ్ళ మీద పడి పొగలా లేస్తున్నాయి. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదని వదిన తర్వాత అందరికీ చెప్పుకుంది. సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఏడ్చాను. తుంపరలో అది ఎవరికీ తెలియలేదు.

అక్కడి నుంచి బాట చదునుగా రాతి పక్కనే సాగి గుహలోకి పోతుంది. మాతో వచ్చినావిడ గుహ మూతి దగ్గర ఆగి టార్చి వెలిగించింది. లోపల ఇరవై అడుగులు సందు, సందు అవతల గుహ విశాలమవుతుంది, అక్కడ నిలబడితే జలపాతం మన ముందు తెరలా పడుతుంటుంది, చెయ్యి చాపితే అందుతుంది. ఆ నీళ్ళ ముందు ఇనప కటకటాలున్నాయి, నీళ్ళలోకి పడటానికి లేదు. ఇంతా చెప్పి చివర్న అంది.

"సందులో పైకప్పు బాగా కిందికుంటుంది. కుర్చీలో ఉన్నోళ్ళకి తల తగలదు. నడిచేవోళ్ళు గొంతుక్కూర్చున్నట్టు వంగి పాకాల. అందుకని ఎనక తోసేవోళ్ళు ఉండకూడదక్కా. కుర్చీ ఒక్కటే ముందెళ్ళిపోవాల, కడ్డీలు పట్టుకుని లాక్కుంటా. అటు చేరేక మీరు రావాల."

నా గుండె ఎగిరింది. ఈ ఇరవై అడుగులూ నావే. కావాలన్నా ఎవరూ తోయలేరు.

"అయితే వద్దండి" అంది వదిన.

వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ రెండు చేతులూ పిడుల మీద బిగుసుకుపోయి ఉన్నాయి. "జలపాతం చూశాం కదా, చాలు. బ్రేకు లేదు, లోపల చీకటి. పైకెళ్దాం."

"కడ్డీలున్నాయి వదినా. అటుపక్క కటకటాలున్నాయని చెబుతోందిగా."

"నేను వదలను అమ్మాయ్."

నాలుగు దశాబ్దాలు మోసినవాళ్ళ మీద కూడా రానంత కోపం, రెండేళ్ళు తోసినావిడ మీద వచ్చింది. "నన్ను నువ్వేమనుకుంటున్నావు? నేను నీ కువైట్ మామాని కాదు, జీతం పుచ్చుకుని కాపలా కాయడానికి" అన్నాను.

అన్నాక నా చెవులకే అది చెడ్డగా వినిపించింది. ఆ మనిషి టార్చి కిందికి దించింది. వదిన నా వైపు చూడకుండానే, గుహ వైపు చూస్తూ చెప్పింది.

"మామాని ఒకసారి వదిలేసేను. సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళేదాన్ని రోజూ సాయంత్రం. అక్కడ కొంచెం ఏటవాలుగా ఉంటుంది. ఫోను మోగింది. నువ్వే. పాపకి జ్వరం, మాట్లాడతానంటోంది అన్నావు. ఫోను తియ్యడానికి ఒక్క చెయ్యి తీసేను, పాప గొంతు వినగానే రెండోది కూడా తీసేసినట్టున్నాను. తిరిగి చూస్తే బండి లేదు. కింద కమ్ముల గోడకి తగులుకుని ఆగింది. ఆవిడకేం కాలేదు, పైగా నవ్వింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే నన్ను పంపేసేవోరు. కానీ ఆ గోడ లేకపోతే? ఆ రోజునుంచి వదల్లేదు."

ఆ ఫోను నాకు గుర్తుంది. పాప "అమ్మా" అనగానే అవతల లైను తెగిపోయింది. మళ్ళీ మళ్ళీ చేశాను, ఎత్తలేదు. పిల్ల ఏడుస్తూ నిద్రపోయింది. కువైట్ వెళ్ళాక కళ్ళు నెత్తికెక్కాయి, కన్నకూతురి జ్వరం కూడా పట్టలేదని, ఇంటికొచ్చినవాళ్ళందరితో చెప్పాను. మూడు నెలలు ఆవిడ ఫోను చేస్తే తీసి అన్నయ్యకి ఇచ్చేశానే గాని ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ ఒక్కసారీ ఎందుకని అడగలేదు, ఇన్నేళ్ళలో ఈ సంగతి చెప్పనూ లేదు.

"వదినా" అన్నాను. "పద, పైకెళ్దాం."

ఆ మాట నిజంగానే అన్నాను. గుహ అక్కర్లేదనిపించింది.

వదిన కదల్లేదు. చెప్పులు విప్పి, నా చక్రాల కింద పెట్టి, నా ఒళ్ళో ఉన్న నీళ్ళ సీసా తీసుకుంది. వంగి సందు మొదట్లో నేల మీద కాసిని నీళ్ళు పోసింది. మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. ఊడ్పులకి ముందు మా వైపు చేను మట్టం చూసేది అలాగే, నీళ్ళు పెట్టి. నీరు ఎటు నడిస్తే అటు పల్లం, నిలిస్తే మట్టం. పెళ్ళికి ముందు ఆవిడ ఊడ్పుల కూలికి వెళ్ళిన మనిషి. సిమెంటు నేల మీద ఆ నీళ్ళు కొంచెం పరుచుకుని, ఎటూ పోకుండా నిలబడ్డాయి. చాలలేదు ఆవిడకి. టార్చి అడిగి తీసుకుని, ఆ పైకప్పు కింద గొంతుక్కూర్చుని పాకుతూ, రెండడుగులకొకసారి నీళ్ళు పోసుకుంటూ, ఇరవై అడుగులూ చూసుకుని వెనక్కి వచ్చింది. మోచేతులు తడి, నుదుటి మీద రాయి గీరిన గీత. సీసా ఖాళీ.

"మట్టంగానే ఉంది" అంది. "చక్రాలు గట్టిగా తిప్పకు. కడ్డీ పట్టుకుని లాక్కో. అటు చేరేక కడ్డీ వదలకు."

వంగి చెప్పులు తీసింది. లేచి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, ఒక దాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని. నేను కడ్డీలు అందుకుని లాగాను.

బండి కదిలింది. వెనక నుంచి ఏ బలమూ కలవలేదు, అది నాకు వీపుకి తెలిసింది. రాయి చల్లగా రెండు పక్కలా వచ్చింది. పైకప్పు నా జుట్టుకి బెత్తెడు ఎత్తులో ఉంది. నడవగలిగినవాళ్ళు వంగి పాకే చోట నేను నిటారుగా, తలెత్తుకుని పోతున్నాను. లాగడం, ఆగడం, లాగడం. నా ఊపిరి నాకే వినిపించింది. ఎవరూ గొయ్యి ఉందని చెప్పలేదు. ఎవరూ ఆగమనలేదు. ఎనిమిదో లాగుడో తొమ్మిదో లాగుడో, పక్కనున్న రాళ్ళు వెనక్కి పోయి వెలుతురు వచ్చింది. ఎదురుగా నీళ్ళ తెర, దాని వెనక నుంచి ఎండ పచ్చగా వస్తోంది. కటకటాల దాకా వెళ్ళి చెయ్యి చాపాను. నీళ్ళు అరచేతిని కిందికి కొట్టేశాయి. మళ్ళీ చాపాను. నవ్వొచ్చింది, గట్టిగా నవ్వాను, ఆ హోరులో నా నవ్వు నాకే వినపడలేదు.

"అమ్మాయ్!" అని వినిపించింది సందులోంచి. "చేరేవా?"

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఇంటి బయట నేనెప్పుడూ ఒంటరిగా లేను, ఇంకొక్క క్షణం ఉందామనిపించింది.

"అమ్మాయ్! ఉన్నావా?"

ఈసారి గొంతు వణికింది. ఆ గొంతు విన్నాక ఒంటరితనం మీద ఉన్న ముచ్చటంతా పోయింది. "ఉన్నాను వదినా!" అని గుహ అదిరేలా అరిచాను. "చేరేను! రా!"

పాకుతూ వచ్చింది. సందు దాటి లేచి నిలబడి, నడుం పట్టుకుని, వెంటనే నా వెనక్కి రాబోయింది. చేతులు అప్పటికే ముందుకి వచ్చేశాయి. నేను చక్రం గట్టిగా తిప్పి ఆవిడ వైపు తిరిగాను. పట్టుకోవడానికి పిడులు లేక ఆవిడ చేతులు గాల్లో ఆగిపోయాయి.

"ఆ ఫోను గురించి ఊరంతా చెప్పేను వదినా. తప్పు నాది" అన్నాను.

వినపడిందో లేదో తెలియదు. ఆవిడ నా తల మీదుగా నీళ్ళని చూస్తోంది. రెండేళ్ళలో అమలాపురం, దిండి, సినిమా హాలు, ఎక్కడికి వెళ్ళినా ఆవిడ నా వెనకే ఉంది. ఒక కొత్త చోటు చూసేటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. నా పక్క నుంచి నడిచి కటకటాల దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ చాపి నీళ్ళ కింద పెట్టింది, చాలాసేపు తియ్యలేదు. నేను కడ్డీ పట్టుకుని ఆవిడనే చూస్తూ కూర్చున్నాను.